టేబుల్ కింద బుల్లి సైకిల్: మోకాళ్లు తగలకుండా, కుర్చీ జారకుండా తొక్కడం ఎలా?

"మినీ సైకిల్ కొన్నాను, మోకాళ్లు టేబుల్‌కి కొట్టుకుంటున్నాయి." "తొక్కుతుంటే కుర్చీ వెనక్కి పోతోంది." "మీటర్ రోజూ 300 కేలరీలు చూపిస్తోంది, బరువు గ్రాము కూడా తగ్గలేదు." కుర్చీలో కూర్చునే తొక్కే పెడల్ ఎక్సర్‌సైజర్ గురించి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలు ఈ మూడే. మొదటి రెండింటికీ మందు కొలతల టేపు, ఒక బెల్టు. మూడోదాని సంగతి చివర్లో చూద్దాం. ఈ యంత్రాలు నెలకే మంచం కిందకి చేరడానికి బద్ధకం కన్నా అమరిక కుదరకపోవడమే పెద్ద కారణం. అందుకే ఇక్కడ తొక్కడం గురించి తక్కువ, అమర్చడం గురించి ఎక్కువ ఉంటుంది.

ముందుగా ఎవరు ఆగాలి

గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఈమధ్యే మోకాలు, తుంటి, వెన్నెముక ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు డాక్టర్‌నో ఫిజియోథెరపిస్టునో అడిగాకే మొదలుపెట్టాలి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే తొక్కవద్దు. కాలి సిరలో రక్తం గడ్డకట్టినా అలాగే ఉంటుంది, కాబట్టి ఆ రోజే డాక్టర్‌కి చూపించుకోండి. తొక్కుతున్నప్పుడు ఛాతీలో బిగింపు, కళ్లు తిరగడం, మామూలుగా లేని ఆయాసం వస్తే వెంటనే ఆపేయాలి. షుగర్ వల్ల అరికాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లు పాదానికి పట్టీ బిగించి కట్టకూడదు. ఒరుసుకుని పుండు పడినా తెలియదు.

ఏ రకం కొనాలి

బజారులో ముఖ్యంగా నాలుగు రకాలున్నాయి. స్టీలు గొట్టాలతో చేసిన మడత రకం అన్నిటికన్నా చౌక. రెండు మూడు కిలోలు ఉంటుంది. పైనున్న నాబ్ బిగిస్తే లోపలి పట్టీ ఇరుసును ఒత్తి పట్టుకుంటుంది, అందుకే తొక్కేకొద్దీ వేడెక్కుతుంది. అయస్కాంతంతో పనిచేసే రకం దీనికి రెండు మూడు రెట్లు బరువు, ధర కూడా ఎక్కువే. కానీ చప్పుడు తక్కువ, నేలమీద కుదురుగా కూర్చుంటుంది, బిగింపు (పెడల్ ఎంత బరువుగా తిరగాలన్నది) అంకెల్లో ఉంటుంది. మూడోది ఎలిప్టికల్ రకం. ఇందులో పాదాలు గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో, సాగినట్టు తిరుగుతాయి. మోకాలు తక్కువ లేస్తుంది కాబట్టి ఎత్తు చాలని టేబుళ్లకి ఇదే మేలు. నాలుగోది మోటారు రకం. కాళ్లు కదపలేనివాళ్లకి ఫిజియోథెరపీలో పనికొస్తుంది. ఆఫీసు పని చేసుకునే ఆరోగ్యవంతులకి దాని అవసరం లేదు, మోటారు తిప్పుతుంటే మీరు చేసే పని ఏమీ ఉండదు.

రోజూ టేబుల్ కింద వాడేటట్టయితే అయస్కాంత రకమే తీసుకోండి. అలవాటవుతుందో లేదో చూద్దామనుకుంటే మడత రకం చాలు.

కావలసినవి

కొలతల టేపు, ఆరేడు లావుపాటి పుస్తకాలు లేదా ఒక పీట, పాత యోగా మ్యాట్ లేదా రబ్బరు మ్యాట్, ప్రయాణాల్లో పెట్టెకి చుట్టే నైలాన్ బెల్టు (రెండు మీటర్లది, నొక్కితే ఊడే క్లిప్ ఉన్నది), పానా, వెనక పట్టీ ఉన్న చెప్పులు లేదా బూట్లు, కుట్టు మిషన్ నూనె.

1. కొనకముందే పుస్తకాల పరీక్ష చేయండి

చాలా మినీ సైకిళ్లలో పెడల్ పైకొచ్చినప్పుడు నేలనుంచి 28 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మీరు కొనాలనుకున్నదాని ఇరుసు ఎత్తుకి క్రాంక్ (ఇరుసుని పెడల్‌తో కలిపే కడ్డీ) పొడవు కలిపితే కచ్చితమైన లెక్క వస్తుంది. అంత ఎత్తున పుస్తకాలు పేర్చి, కుర్చీ ముందు అంచునుంచి ఒక అడుగు దూరంలో, టేబుల్ కింద పెట్టండి. రోజూ పనిచేసేటట్టే వీపు ఆనించి కూర్చుని, ఒక పాదం పుస్తకాల మీద ఉంచండి. మోకాలి పైభాగానికీ టేబుల్ అడుగు చెక్కకీ మధ్య మూడు వేళ్లు అడ్డంగా దూరితే సరిపోతుంది. ఒక వేలే దూరితే తొక్కే ఊపులో తగలడం ఖాయం.

టేబుల్ ఎత్తు అంటే పై పలక ఎత్తు కాదు. మామూలు ఆఫీసు టేబుల్ 74, 75 సెంటీమీటర్లు ఉన్నా, కింద కీబోర్డు ట్రేనో మధ్య సొరుగో ఉంటే ఏడెనిమిది సెంటీమీటర్లు పోయినట్టే. డైనింగ్ టేబుల్ మీద పనిచేసేవాళ్లు పలక కింద అంచు వెంబడి ఉండే అడ్డచెక్కనుంచి కొలవాలి.

తగులుతోందా? అయితే ఈ వరుసలో ప్రయత్నించండి.

మొదట కీబోర్డు ట్రే లేదా సొరుగు ఊడదీయండి. నాలుగు స్క్రూల పని.

తర్వాత పుస్తకాలను రెండు అంగుళాలు ముందుకు జరపండి. కాలు చాచేకొద్దీ మోకాలు దిగుతుంది, సుమారు అంగుళం కలిసొస్తుంది. అయితే ఎంత ముందుకు జరిపితే కుర్చీ అంత గట్టిగా వెనక్కి తన్నుకుంటుంది. 5వ మెట్టులోని బెల్టు అప్పుడు తప్పనిసరి.

అదీ చాలకపోతే టేబుల్ కాళ్ల కింద రెండంగుళాల చెక్క దిమ్మెలు పెట్టి, కుర్చీని కూడా అంతే పెంచండి. కుర్చీ పెరిగితే మోకాలూ పెరుగుతుంది కదా అంటారేమో. పెడల్ ఎత్తు మారలేదు కాబట్టి మోకాలు దాదాపు అక్కడే ఉంటుంది, టేబుల్ మాత్రం పైకి పోతుంది. దిమ్మెల పైన టేబుల్ కాలు కూర్చునేలా గుంట చెక్కించండి, లేకపోతే ఎప్పుడో జారుతుంది. తొక్కనప్పుడు పాదాలు నేలకి అందకపోతే కింద పీట వేసుకోవాలి.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. మోకాలు తగలగానే కుర్చీని కిందకి దించేస్తారు. దానివల్ల మోకాలు దిగదు సరికదా ఇంకా ముడుచుకుంటుంది. రెండు రోజులకి మోకాలిచిప్ప చుట్టూ నొప్పి మొదలవుతుంది, భుజాలు కూడా పైకి లేచి మెడ పట్టేస్తుంది.

2. టేబుల్ కింద ఖాళీ చేయండి

ఎక్స్‌టెన్షన్ బోర్డు, యూపీఎస్, ఛార్జర్ల వైర్లు అన్నీ పక్కకి లాగి టేబుల్ కాలికి కట్టేయండి. తిరిగే క్రాంక్‌లో వైరు చిక్కుకుంటే ల్యాప్‌టాప్ నేలమీదకి వస్తుంది. ఇదే జాగ్రత్త బట్టలకీ వర్తిస్తుంది: చీర కుచ్చిళ్లు, చున్నీ కొసలు, లుంగీ అంచు, వదులు పైజామా. చీరతో తొక్కాలంటే కుచ్చిళ్లు పైకి దోపుకోవాలి, పైజామా అయితే చీలమండ దగ్గర రబ్బరు బ్యాండు వేసుకోవాలి. ఇంట్లో పాకే పిల్లలుంటే పని అయిపోగానే యంత్రాన్ని గోడవైపు తిప్పి పెట్టండి. క్రాంక్ సందులో వేళ్లు నలుగుతాయి.

3. పెడళ్లు బిగించడం

ఎడమ పెడల్ మర ఉల్టాగా ఉంటుంది. కుడి పెడల్ గడియారం ముళ్లు తిరిగేవైపు బిగుసుకుంటే, ఎడమది దానికి ఎదురువైపు. ఇరుసు చివర ఎడమకి ఎల్, కుడికి ఆర్ అని ఇంగ్లిషు అక్షరాలు చెక్కి ఉంటాయి, ముందు అవి చూసుకోండి. మొదటి నాలుగైదు చుట్లు చేత్తోనే తిప్పాలి. చేత్తో తిరగనంటే మర తప్పిందని అర్థం, వెనక్కి తీసి మళ్లీ తిన్నగా పెట్టండి. అప్పుడే పానా పట్టుకుని బలవంతం చేస్తే క్రాంక్‌లో మర పోతుంది. అది ఇంట్లో బాగయ్యే పని కాదు.

కొన్ని మడత రకాల్లో మరకు బదులు బోల్టు దూర్చి నట్టు వేస్తారు. వాటిలో నట్టు మరీ బిగిస్తే పెడల్ తిరగదు, వదిలేస్తే కొట్టుకుంటుంది. పూర్తిగా బిగించి, పావు చుట్టు వెనక్కి తీస్తే సరిపోతుంది.

పాదాల పట్టీలకి కూడా ఎడమ కుడి ఉంటాయి. రంధ్రాలు ఎక్కువ ఉన్న కొస బయటివైపుకి రావాలి.

4. మ్యాట్ వేసి నిలపండి

నున్నటి విట్రిఫైడ్ టైల్స్ మీద మడత రకం ఐదు నిమిషాలు కూడా ఒకచోట ఉండదు. యోగా మ్యాట్‌ను రెండు మడతలు వేసి కింద పరవండి. తడి గుడ్డ, గోనె సంచి, దినపత్రిక వంటివి పనికిరావు, అవి యంత్రంతోపాటే జారతాయి. మ్యాట్ కుర్చీ కాళ్ల కిందదాకా వచ్చేంత పొడవుంటే ఇంకా మంచిది.

అపార్టుమెంట్లలో అమెరికా క్లయింట్ల కోసం రాత్రిళ్లు పనిచేసేవాళ్లకి మ్యాట్ మరీ ముఖ్యం. మీకు వినపడని దడదడ కింది ఇంటివాళ్ల పడకగదిలో బాగా వినిపిస్తుంది.

ఇరుసు, కుర్చీ అంచుకి అడుగు దూరంలో మొదలుపెట్టి అటూ ఇటూ సర్దండి. పెడల్ అన్నిటికన్నా దూరంగా ఉన్నప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగే ఉండాలి. కాలు పూర్తిగా చాపాల్సి వస్తే యంత్రం మరీ దూరంలో ఉన్నట్టు.

5. కుర్చీని, యంత్రాన్ని ఒకదానికొకటి కట్టేయండి

పెడల్‌ని ముందుకి తోస్తే, అదే బలంతో కుర్చీ వెనక్కి పోతుంది. చక్రాల కుర్చీ గోడకి ఆనే దాకా వెళ్తుంది. చక్రాల కింద రబ్బరు గిన్నెలు పెడతారు కొందరు, కుర్చీ గోడకి ఆనిస్తారు ఇంకొందరు. రెండూ కుర్చీని ఆపుతాయి, యంత్రం మాత్రం ముందుకి జారుతూనే ఉంటుంది. నైలాన్ బెల్టు రెండింటికీ ఒకేసారి జవాబు. బెల్టును కుర్చీ నడిమి స్తంభానికి, చక్రాల కాళ్లకి కాస్త పైన చుట్టి, రెండో కొసను యంత్రంలో మీవైపు ఉండే అడ్డగొట్టానికి తగిలించండి. వేలు పెట్టి నొక్కితే కొద్దిగా మాత్రమే వంగేంత బిగువు ఉండాలి. కుర్చీ వెనక్కి పోవాలన్నా, యంత్రం ముందుకి పోవాలన్నా బెల్టు ఒప్పుకోదు.

హెచ్చరిక: లేచేముందు క్లిప్ ఊడదీయడం అలవాటు చేసుకోండి. ఫోన్ మోగిందని ఒక్కసారిగా లేస్తే కాలు బెల్టులో పడుతుంది.

బెల్టు కట్టినా కుర్చీ సీటు కుడికీ ఎడమకీ ఊగుతూ ఉంటే, అది గిర్రున తిరిగే కుర్చీ గుణం. బిగింపు తగ్గిస్తే ఊపు తగ్గుతుంది. ఇంకా ఇబ్బందిగా ఉంటే నాలుగు కాళ్ల చెక్క కుర్చీ వాడండి. పలచటి ప్లాస్టిక్ కుర్చీ మాత్రం వద్దు, దాని వెనక కాళ్లు విచ్చుకుంటాయి.

6. కూర్చునే తీరు

నడుం పూర్తిగా కుర్చీ వెనక్కి ఆనాలి. పది నిమిషాల తర్వాత చూసుకుంటే సీటు అంచుకి జారి ఉంటారు, చాలామందికి ఇదే జరుగుతుంది. నడుం వెనక చిన్న దిండు పెడితే జారడం తగ్గుతుంది. అయినా జారుతుంటే యంత్రాన్ని అంగుళం దగ్గరకి లాగండి.

పాదం ముందు భాగం, అంటే బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే చోటు, పెడల్ మధ్యకి రావాలి. చీలమండ నొప్పి ఉన్నవాళ్లు పాదం మధ్యభాగం పెట్టుకోవచ్చు. హవాయి చెప్పులు జారతాయి. ఒట్టి పాదాలతో ఐదు నిమిషాలు బాగానే ఉంటుంది, ఆ తర్వాత పెడల్ గరుకు అరికాలిలో దిగుతుంది. పట్టీకీ పాదానికీ మధ్య ఒక వేలు దూరాలి.

7. మొదట పని లేకుండా రెండు నిమిషాలు

నాబ్ పూర్తిగా వదులు చేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని రెండు నిమిషాలు తొక్కండి. మోకాలు ఎక్కడైనా తగులుతోందా, యంత్రం జారుతోందా, ఒక కాలు మాత్రమే ఎక్కువ తోస్తోందా చూడండి. తర్వాత చేతులు కీబోర్డు మీద పెట్టి ఇంకో రెండు నిమిషాలు. మానిటర్ వణుకుతుంటే మీ మోకాలో యంత్రమో టేబుల్ కాలిని తాకుతోందని అర్థం.

8. వేగం, బిగింపు

వేగానికి మీటర్ అక్కర్లేదు. గడియారం చూస్తూ 15 సెకన్లలో కుడి మోకాలు ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. టైపు చేస్తున్నప్పుడు 15 సెకన్లకి 10 సార్లు, అంటే నిమిషానికి 40 చుట్లు చాలు. వింటూ, చదువుతూ ఉంటే 50, 60 దాకా పోవచ్చు. అంతకు మించితే మడత రకం యంత్రం గెంతడం మొదలుపెడుతుంది, అక్షరాలూ తప్పుతాయి.

బిగింపు విషయంలో తొందర వద్దు. మొదటి వారం పూర్తి వదులు. తర్వాత పాదం కింద కొంచెం బరువు తెలిసేంత. నాబ్ గట్టిగా తిప్పితే ఎక్కువ లాభమనుకుంటారు, కానీ కూర్చుని తోసే బలమంతా మోకాలిచిప్ప మీద పడుతుంది, యంత్రం కూడా వెనక కాళ్ల మీదకి లేస్తుంది. ఇంకా శ్రమ కావాలంటే బిగింపు కన్నా ముందు సమయం పెంచండి.

ఎంతసేపు? మొదటి వారం 5 నిమిషాల చొప్పున రోజుకి మూడుసార్లు. రెండో వారం 10 నిమిషాల చొప్పున మూడుసార్లు. మూడో వారంనుంచి ఒక్కొక్కసారి 15, 20 నిమిషాలు. మూడింటిలో ఒకటి మధ్యాహ్న భోజనం అయిన అరగంటలోపు పడేలా చూసుకోండి. కునుకు పట్టే వేళ అదే, తిన్నాక కండరాలు కదిలితే రక్తంలో చక్కెర పెరిగే వేగం తగ్గేదీ అప్పుడే. ఇన్సులిన్ గానీ, చక్కెర బాగా పడిపోయే అవకాశమున్న మాత్రలు గానీ వాడేవాళ్లు ఖాళీ కడుపుతో తొక్కవద్దు, సొరుగులో నాలుగు గ్లూకోజు బిళ్లలు ఉంచుకోండి.

9. ఏ పనితో కుదురుతుంది, దేనితో కుదరదు

మెయిల్స్ చదవడం, శిక్షణ వీడియోలు, మీరు మాట్లాడనక్కరలేని మీటింగులు దీనికి సరిగ్గా సరిపోతాయి. మామూలు టైపింగ్ వారం రోజుల్లో అలవాటవుతుంది. మౌస్‌తో చిన్న చిన్న గళ్లలో చేసే పని, బొమ్మలు గీయడం, లెక్కలు సరిచూడడం వంటివి కుదరవు. భుజం ఏమాత్రం కదిలినా బాణం గుర్తు పక్క గడిలోకి పోతుంది.

వీడియో మీటింగులో తల పైకీ కిందకీ ఊగడం అవతలివాళ్లకి బాగా కనిపిస్తుంది. మీరు మాట్లాడే వంతు వచ్చినప్పుడు ఆపేయడమే మర్యాద. ల్యాప్‌టాప్ మైకు టేబుల్ అదురును కూడా పట్టేస్తుంది, హెడ్‌సెట్ పెట్టుకోండి.

ఎక్కడ తేడా వస్తోందో గుర్తుపట్టండి

మోకాలి ముందు భాగంలో నొప్పి వస్తే, యంత్రం మరీ దగ్గరగా ఉంది, లేదా బిగింపు ఎక్కువైంది. మోకాలి వెనక లాగుతుంటే మరీ దూరంగా ఉంది. తుంటి ముందువైపు గజ్జల దగ్గర పట్టేస్తుంటే ఏకబిగిన ఎక్కువసేపు తొక్కుతున్నారు, మధ్యలో లేచి రెండు నిమిషాలు నిలబడండి. వేళ్లు తిమ్మిరెక్కితే పట్టీ బిగువు. నడుం నొప్పి వస్తే ముందు సీటు అంచుకి జారుతున్నారేమో చూసుకోండి. వెనక్కి కూడా తొక్కవచ్చు, కొందరికి మోకాలికి అదే హాయిగా ఉంటుంది. అయితే కొన్ని యంత్రాల్లో వెనక్కి తొక్కితే బిగింపు పనిచేయదు, పెడల్ నట్టు వదులవుతుందేమో కూడా చూస్తుండాలి.

ఫలితం ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు మీటర్ సంగతి. ఇరుసు దగ్గర చిన్న అయస్కాంతం ఉంటుంది. అది ఒక చుట్టు తిరిగి సెన్సర్ ముందునుంచి వెళ్లినప్పుడల్లా మీటర్ ఒకటి లెక్క వేస్తుంది. మామూలు మీటర్‌కి తెలిసింది అంతే. మీ బరువు తెలియదు, నాబ్ ఎంత బిగించారో తెలియదు. కావాలంటే నాబ్ వదులు చేసి 100 చుట్లు, బిగించి 100 చుట్లు తొక్కి చూడండి, రెండుసార్లూ కేలరీలు ఒకటే చూపిస్తుంది. కాబట్టి ఆ అంకెను నమ్మి రెండు మైసూర్‌పాక్ ముక్కలు ఎక్కువ తినవద్దు. చుట్ల లెక్క, సమయం మాత్రం పనికొస్తాయి, అవి రాసుకోండి.

వీటిని చూసుకోవడం మేలు:

మాట పరీక్ష. తొక్కుతూ పూర్తి వాక్యం మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే అది మధ్యస్థ వ్యాయామం. పాట కూడా హాయిగా వస్తుంటే తేలికపాటిది. టేబుల్ దగ్గర తొక్కేది చాలామందికి తేలికపాటిదే అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకి చెప్పిన వారానికి 150 నుంచి 300 నిమిషాల లెక్కలోకి పాట పాడలేనంత శ్రమతో తొక్కిన నిమిషాలే వస్తాయి. మిగతావి కదలకుండా కూర్చునే సమయాన్ని తగ్గిస్తాయి, అదీ మంచిదే. కానీ సాయంత్రం నడక మానేయడానికి ఇది సాకు కాదు.

సాయంత్రం సాక్సు గుర్తు. రోజంతా కూర్చుంటే కాళ్లు నీరు పట్టి, సాక్సు తీశాక అంచు లోతుగా పడే వాళ్లు, తొక్కిన రోజూ తొక్కని రోజూ ఆ గుర్తు పోల్చుకోండి.

షుగర్ ఉన్నవాళ్లు ఒకే రకం భోజనం చేసిన రెండు రోజుల్లో, ఒకరోజు తిన్నాక 15 నిమిషాలు తొక్కి, ఇంకోరోజు తొక్కకుండా, మొదటి ముద్ద తిన్న 2 గంటలకి గ్లూకోమీటర్‌తో చూసుకోవచ్చు. ఇంట్లో మీటర్లలో 15 శాతం దాకా తేడా మామూలే, అందుకే మూడు నాలుగుసార్లు చేసి చూడాలి. ఈ అంకెలు చూసి మందు మీరే తగ్గించుకోవద్దు.

రెండో వారంలో ఒకసారి 10 నిమిషాలు తొక్కి, ఆపిన వెంటనే నాడి చూసి, ఆ అంకె రాసుకోండి. తర్వాత నాలుగు వారాలకి ఒకసారి అదే బిగింపులో, అదే వేగంతో 10 నిమిషాలు తొక్కి, ఆపిన వెంటనే నాడి చూసుకోండి. రెండో వారం రాసుకున్న అంకె కన్నా తగ్గితే ఒంటికి అలవాటు పడినట్టు. అప్పుడు నాబ్ అరచుట్టు బిగించవచ్చు.

యంత్రం సంరక్షణ

మడత రకం 20 నిమిషాలు తొక్కాక నాబ్ కింది భాగం ముట్టుకోలేనంత వేడెక్కవచ్చు. చల్లారాకే ముట్టుకోండి. రబ్బరు కాలిన వాసన వస్తే బిగింపు తగ్గించి పది నిమిషాలు ఆపాలి.

కీచుమని చప్పుడొస్తే ఎక్కడినుంచో ముందు కనిపెట్టండి. పెడల్ దగ్గరైతే దాని ఇరుసులో ఒక చుక్క కుట్టు మిషన్ నూనె వేసి, కారింది తుడిచేయండి. కొబ్బరి నూనె వద్దు, చలికాలంలో గడ్డకట్టి, దుమ్ము పట్టి జిగురుగా మారుతుంది. నాబ్ కింది పట్టీ దగ్గర మాత్రం ఏ నూనే వేయకూడదు. ఆ పట్టీ ఒరుసుకుంటేనే బిగింపు, నూనె తగిలితే నాబ్ ఎంత తిప్పినా గాలిలో తొక్కినట్టే ఉంటుంది. పొరపాటున పడితే పొడి గుడ్డతో తుడిచి, నాబ్ కొంచెం బిగించి ఐదు నిమిషాలు తొక్కండి. అప్పటికీ పట్టు రాకపోతే పట్టీ మార్చాల్సిందే.

వారానికోసారి పెడళ్ల బిగువు, కాళ్ల చివర రబ్బరు టోపీలు చూసుకోండి. ఒక్క టోపీ ఊడినా యంత్రం ఒకవైపు వాలి టైల్ మీద గీతలు పెడుతుంది. మీటర్ అంకెలు మసకబారితే బ్యాటరీ మార్చండి. మార్చినా చుట్లు లెక్కపెట్టకపోతే, మీటర్ వెనకనుంచి వచ్చే సన్నటి వైరు క్లిప్ ఊడి ఉంటుంది, గట్టిగా నొక్కి చూడండి.

యంత్రాన్ని ఎత్తేటప్పుడు పెడళ్లు పట్టుకోవద్దు, అవి తిరిగి చేతిని క్రాంక్ సందులోకి లాగుతాయి. అడ్డగొట్టం పట్టుకునే ఎత్తండి.